కౌలేయకం గిన్నెలో ఏమున్నది?

అమరకోశం శునకానికి చెప్పిన పర్యాయపదాలలో మొదటిది కౌలేయకం. ఇక్కడ కులమంటే ఇల్లు, వంశం. ఇంట పుట్టి పెరిగినది కనుక కౌలేయకం. ఈ రూపం శునకమనే అర్థంలో ఏర్పడుతుందని పాణిని తన సూత్రంలో ప్రత్యేకంగా చెప్పాడు. కుక్క ఇంటిప్రాణి అన్న భావన అంత పాతది. ఇంటిదైనప్పుడు దాని తిండి గురించి ఇంటివారికి బాధ్యత ఉండాలి గదా! ఆ బాధ్యతను మనలో చాలామంది సరిగా నిర్వర్తించడం లేదని నా అభిప్రాయం.

"ఊరకుక్కలు ఎంగిలిమెతుకులు తిని బ్రతకడం లేదా మాస్టారూ?" అని అడిగేవారున్నారు. ఊరకుక్క పదిళ్ళు తిరుగుతుంది, ఎలుకను పడుతుంది, మాంసం కొట్టు ముందు కాచుకొని కూర్చుంటుంది. ఒకచోట దొరకనిది మరొకచోట వెదుక్కుంటుంది. మెడకు గొలుసు వేసిన కుక్కకు ఆ వెసులుబాటు లేదు. మనం పెట్టినదే దాని తిండి. ఎంచుకొనే స్వేచ్ఛను తీసుకొన్నవారే ఎంపిక భారాన్ని కూడా మోయాలి.

మాది శాకాహార కుటుంబం. మావంటి ఇళ్ళలో కుక్కకు తరచుగా దక్కేది పెరుగన్నమే. ఎదిగిన కుక్క ఆహారంలో, నీటిని తీసివేసి లెక్కిస్తే, మాంసకృత్తులు కనీసం 18 శాతం, కూనలకు 22.5 శాతం ఉండాలని అమెరికాలో పశ్వాహార ప్రమాణాలను రూపొందించే ఆఫ్కో అనే సంఘం చెబుతుంది. బియ్యంలో ఉండేవి సుమారు 7 శాతం. పైన కలిపిన నాలుగు చెంచాల పెరుగు ఆ లోటును పూడ్చలేదు.

శాకాహారంతో కుక్క బ్రతకనే లేదని నేననను. పిల్లివలె అది మాంసం మీదనే ఆధారపడిన ప్రాణి కాదు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేలులో కంటే కుక్కలో ఎక్కువగా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో వెల్లడించారు. మనిషి పంచన చేరి తిన్న తిండి దాని దేహాన్నే మార్చిందన్నమాట. అయితే లెక్క చూసి కూర్చిన శాకాహారం వేరు, మన వంటింట్లో మిగిలిన అన్నం వేరు. అందుకే మా పెరట్లో వేరే గిన్నెలో గుడ్లు ఉడుకుతాయి. "ఆచారం ఏమైంది?" అని బంధువులు ఆక్షేపించారు. నా నియమం నా కంచానికే పరిమితం. నోరులేని జీవిచేత నా వ్రతాన్ని చేయించడం ధర్మమని నేను ఒప్పుకోను.

ఇక రెండవ వైపు అతి ఉన్నది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్ళలోనూ, ఇప్పుడు మన పట్టణాలలోనూ సంచులలో, డబ్బాలలో వచ్చే ఆహారం వాడుకలోకి వచ్చింది. వెల ఎక్కువైతే మేలైనదన్న నమ్మకం కూడా దానితోపాటే వచ్చింది. సంచి ముందువైపు ఉండేది బొమ్మ. వెనుకవైపు ఉండేదే విషయం.

ముప్పైయేళ్ళు పిల్లలకు విభక్తులు బోధించిన నాకు ఆఫ్కోవారి నామకరణ నియమాలు మహా ముచ్చటగా తోచాయి. అమెరికా డబ్బా మీద ఉన్న పేరు నేరుగా "కోడిమాంసం" అయితే, తయారీలో కలిపిన నీరు పోగా అందులో అది 95 శాతం ఉండాలి. "కోడిమాంసం డిన్నర్" అయితే 25 శాతం చాలు. "కోడిమాంసంతో" అంటే 3 శాతమే. "కోడిమాంసం రుచి" అంటే ఆ రుచి గుర్తింపునకు అందితే చాలు! "తో" తృతీయా విభక్తి, అంటే మూడవది. మూడు శాతమని గుర్తు పెట్టుకోండి. ఇక్కడి సంచులకు ఇవే అంకెలు వర్తిస్తాయనుకోరాదు గాని, ప్రతి పదాన్నీ పట్టి చూసే అలవాటు ఎక్కడైనా పనికివస్తుంది.

నీటి లెక్క కూడా చూడాలి. పొడి ఆహారంలో మాంసకృత్తులు 24 శాతమని, డబ్బా ఆహారంలో 8 శాతమని ఉంటే మొదటిదే మిన్న అనిపిస్తుంది. కాని డబ్బాలో 78 శాతం నీరైతే మిగిలిన 22 పాళ్ళలో 8, అంటే 36 శాతం. పొడి ఆహారంలో 10 శాతం తేమ తీసివేస్తే వచ్చేది 27 శాతం లోపే.

"ధాన్యరహితం" అన్న మాటకూ మురిసిపోనక్కరలేదు. ధాన్యం లేకుండా బఠానీలు, పప్పుదినుసులు ఎక్కువగా వేసిన ఆహారం తిన్న కుక్కలలో గుండెజబ్బు కనిపిస్తున్నదన్న ఫిర్యాదులపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో విచారణ ప్రకటించింది. అవే కారణమని నిర్ధారణ కాలేదు. అయినా ధాన్యం లేకపోవడమే ఒక సుగుణమని చెప్పడానికి ఆధారం లేదు. ఆ మాటకంటే, ఆ ఆహారం ఏ వయసు కుక్కకు సంపూర్ణమో తెలిపే వాక్యం ముఖ్యం.

ప్రేమతో పెట్టేవాటిలోనూ విషం ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను చెరుస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు ముప్పు. కనుక పరమాన్నం పెట్టవద్దు. చాక్లెట్, జైలిటాల్ కలిసిన చూయింగ్ గమ్ ప్రాణం మీదికి తెస్తాయి. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకోవచ్చు.

ఎంపిక సరిగా ఉన్నదో లేదో తెలిపేది కుక్క దేహమే. ప్రక్కటెముకలు కంటికి పొడుచుకొని కనబడరాదు, చేత్తో తడిమితే మాత్రం తెలియాలి. సందేహముంటే పశువైద్యుని అడగండి. గిన్నె నింపేముందు సంచి వెనుకవైపు ఒకసారి చదవండి. దానికి చదువు రాదు, మనకు వచ్చును గదా!