కరవు సహాయం: లెక్కకు రాని మేత నష్టం

కరవు మండలాల జాబితా వెలువడిన మరునాడే పాత్రికేయ మిత్రులు పెట్టుబడి రాయితీ ఎంత, ఎప్పుడు అని ప్రశ్నిస్తారు. పశుగ్రాసం సంగతి అడిగేవారు అరుదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ 1.91 కోట్లతో దేశంలో ప్రథమ స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో ద్వితీయ స్థానంలోను నిలిచాయి. ఈ మందలకు ప్రధానాధారం బీళ్లు, పోరంబోకులు, కొండవాలులు, కోతలైన పొలాలే. వాన తప్పితే పైరుతోపాటు ఆ పచ్చికా ఎండిపోతుంది. పైరు నష్టానికి నమోదు ఉన్నది, పచ్చికకు లేదు.

2022-26 కాలానికి కేంద్ర హోం మంత్రిత్వ శాఖ నిర్దేశించిన విపత్తు సహాయ ప్రమాణాలను పరిశీలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. 33 శాతం, అంతకు మించి పంట నష్టపోయిన వర్షాధార భూమికి హెక్టారుకు రూ.8,500 చొప్పున నిర్ణయించారు. పాడిపశువు మరణిస్తే రూ.37,500, గొర్రె లేదా మేక మరణిస్తే రూ.4,000, అదీ కుటుంబానికి 30 చిన్న జీవాలకు మించకుండా. పశు శిబిరాలలో పెద్ద పశువుకు రోజుకు రూ.80, చిన్న జీవానికి రూ.45 ఖర్చు చేయవచ్చు. శిబిరం వెలుపలి పశువులకు మేత చేరవేసే రవాణా వ్యయాన్నీ భరిస్తారు. అయితే కోల్పోయిన మేతకు కాపరి చేతికి నేరుగా అందే మొత్తమేదీ ఇందులో లేదు.

శిబిరం ఒకచోట ఉంటుంది, మంద ఒకచోట ఉండదు. కసువు కరవైతే కాపరి జీవాలను తోలుకొని పచ్చిక ఉన్న చోటికి పోతాడు, లేదా సంతలో వచ్చిన ధరకు తెగనమ్ముతాడు. చనిపోయిన గొర్రెకు పశువైద్యుని ధ్రువీకరణతో పరిహారం వస్తుంది. చావకముందే అయినకాడికి అమ్ముకున్న గొర్రెకు ఏమీ రాదు. తీవ్ర కరవులో అనుమతించే 90 రోజులపాటు ఒక గొర్రెను శిబిరంలో మేపితే అయ్యే ఖర్చు రూ.4,050. అది చనిపోతే ఇచ్చే పరిహారం కంటె యాభై రూపాయలు ఎక్కువ!

అమెరికాలో ఈ నష్టానికి ప్రత్యేకంగా ఒక పథకమున్నది. 2008 వ్యవసాయ చట్టంతో మొదలై, 2014 చట్టంతో శాశ్వతమైంది. వారం వారం వెలువడే కరవు పటంలో ఒక కౌంటీ నిర్ణీత తీవ్రతకు చేరితే, నెలసరి మేత ఖర్చులో 60 శాతం ప్రాతిపదికగా అక్కడి పశుపోషకులకు చెల్లిస్తారు. జీవం చనిపోనక్కర లేదు. అయితే సొంత లేదా కౌలు మేతభూమి ఉన్నవారికే అది వర్తిస్తుంది. ఉమ్మడి బీళ్లపై ఆధారపడే మన భూమిలేని కాపరికి ఆ నమూనా యథాతథంగా పనికిరాదు. ఇక్కడ సహాయాన్ని భూమితో గాక మందతో ముడిపెట్టవలసి ఉంటుంది.

అందుకు సాధనాలు కొంతమేరకు ఉన్నాయి. పశువుల చెవులకు వేసే పన్నెండంకెల గుర్తింపు బిళ్లలు, పశుసంవర్ధక శాఖ వద్దనున్న టీకాల నమోదులు మంద పరిమాణాన్ని తెలుపగలవు. గొర్రెలలో ఆ నమోదు ఇంకా విస్తరించవలసి ఉన్నది. కాలయాపన మరొక సమస్య. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఖరీఫ్‌కు సంబంధించి 103 కరవు మండలాలను ఆ ఏడాది అక్టోబరు చివర ప్రకటించగా, పంట నష్టానికి పెట్టుబడి రాయితీ 2024 మార్చిలో విడుదలైంది. పైరు వేసిన రైతు మరుసటి సాగుకైనా ఆ సొమ్ము వాడుకోగలడు. మందకు మేత ఏ రోజుకారోజు కావాలి. మండల నివేదికలలో వర్షపాతం, సాగు విస్తీర్ణాల సరసన మేత నిల్వలను, సంతలలో జీవాల ధరలను కూడ నమోదు చేస్తే, శిబిరం ఎక్కడ, ఎప్పుడు తెరవాలో జిల్లా యంత్రాంగానికి ముందుగానే తెలుస్తుంది.