రెండు శాతం పన్నూ, నీలపు రాయీ

2026 ఫిబ్రవరి 1వ తేదీన ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ లోక్‌సభలో చదివిన బడ్జెట్టు ప్రసంగంలో విదేశీ విహారయాత్రలను గురించిన వాక్యం ఒకటి ఉన్నది. యాత్రా ప్యాకేజీల అమ్మకంపై మూలంలోనే వసూలు చేసే పన్నును 5, 20 శాతాల నుండి, మొత్తం ఎంతైనా సరే, 2 శాతానికి దించుతున్నామని ఆమె ప్రకటించారు. పెద్ద పెద్ద కేటాయింపుల మధ్య ఆ వాక్యానికి పత్రికలలో దక్కిన చోటు స్వల్పం. మధ్యతరగతికి చిన్న ఊరట అని వ్రాసినవారు వ్రాశారు.

ఈ పన్ను చరిత్ర చిన్నదే. 2020 ఆర్థిక చట్టం ద్వారా, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 206సి(1జి) అనే నిబంధనను చేర్చారు. విదేశీ యాత్ర అమ్మిన కంపెనీ, కొన్నవాని వద్ద ధరతోపాటు 5 శాతం అదనంగా వసూలు చేసి ఖజానాకు కట్టాలని దాని సారాంశం. 2023 అక్టోబరు నుండి 7 లక్షలు దాటిన మొత్తంపై ఇది 20 శాతమయింది. 2025లో ఆ పరిమితిని 10 లక్షలకు జరిపారు. ఇది నిజానికి కొత్త పన్ను కాదు, ముందుగా పట్టుకొనే సొమ్ము. ఆదాయపు లెక్కలు దాఖలు చేసి దానిని తిరిగి పొందవచ్చును. అయితే నాకు ఆసక్తి కలిగించినది రేటు కాదు, నిర్వచనం. భారతదేశం వెలుపలి దేశాన్ని చూపించేదీ, ప్రయాణం, బస, భోజనం వంటి ఖర్చులతో కూడినదీ విదేశీ యాత్రా ప్యాకేజీ అని ఆ నిబంధన స్పష్టంగా చెప్పింది. అంటే మన చట్టానికి యాత్రా ప్యాకేజీ అంటే ఏమిటో తెలుసును. పన్ను నిమిత్తం తెలుసును. ఆ యాత్రలో బస్సు ఆగే కొట్టు మాత్రం అందులో లేదు.

ఆ కొట్టు సంగతి నాకు భిలాయిలో బోధపడింది.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం మేరకు వెలసిన ఉక్కు నగరమిది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి రైలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. సెక్టారు 5 బాలాజీ మందిరం వద్ద సాయంకాలం నిలబడితే ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నామన్న మాట మరచిపోవచ్చును. మొదటి తరం వెళ్ళిపోయింది. రెండవ తరం ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్నది. ఉద్యోగుల పింఛను పథకం కింద కనీస పింఛను 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయమయింది. ఉక్కు ఉద్యోగికి వచ్చేది అంతకు మించినదే అయినా, చేసిన ఉద్యోగపు జీతంతో పోల్చదగినది కాదు. ఆయనకు అసలైన ఆసరా ఒకేసారి చేతికి వచ్చే భవిష్యనిధి, గ్రాట్యుటీ. చట్టం ప్రకారం గ్రాట్యుటీకి 2018 మార్చిలో విధించిన గరిష్ఠ పరిమితి 20 లక్షలు. ఆ మొత్తం ఏ నెలలో ఎవరికి అందుతుందో బ్యాంకు గుమాస్తా కన్నా ముందు యాత్రా ఏజెంటుకు తెలుస్తుందని ఇక్కడివారు అంటారు. హాస్యమే కావచ్చు గాని అతిశయోక్తి కాదనిపించింది.

నేను చూసిన కరపత్రం హిందీలోనూ తెలుగులోనూ అచ్చయినది. సీతమ్మ అడుగుజాడలలో సింహళ యాత్ర, దానితోపాటు నిపుణుల పర్యవేక్షణలో జాతిరత్నాల కొనుగోలు. కొలంబో, కాండీలోని దంతమందిరం, సిగిరియా కొండ, నువర ఎలియా దాపున సీతమ్మ కోవెల, చివరకు రత్నపుర. యాత్రను తప్పుపట్టవలసినది ఏమీ లేదు. జీవితమంతా మూడు షిఫ్టులు చేసిన మనిషి అరవయ్యవ ఏట భార్యను వెంటబెట్టుకొని సముద్రం దాటితే సంతోషించవలసినదే. దారిలో బస్సు ఒక “రత్నాల మ్యూజియం” ముందు ఆగుతుంది. లోపల గని నమూనా, భూమి అడుగున కంకరపొరలో నుండి రాళ్ళను ఎత్తి బుట్టలతో కడిగే పద్ధతిపై చిన్న చలనచిత్రం, ఆపైన తేనీరు. తేనీరు తాగిన గదికి అవతలి తలుపు అమ్మకపు గదిలోకి తెరచుకొంటుంది. యాత్రికులను తెచ్చిన డ్రైవరుకూ గైడుకూ అమ్మకంపై వాటా ముట్టడం ఆ వ్యాపారంలో అందరూ ఎరిగిన పద్ధతి, యాత్రికుడు తప్ప.

స్టీలు మెల్టింగ్ షాపులో ముప్ఫయి ఆరేళ్ళు పనిచేసిన విశ్రాంత ఫోర్మను ఒకరు ఆ గదిలో 2,80,000 రూపాయలు పెట్టి ఒక నీలం కొన్నారు. కొడుకుకు ఏలినాటి శని అని జ్యోతిష్కుడు చెప్పాడు, నీలం పెట్టమన్నాడు. గ్రహాల బాగోగులతో నాకు పేచీ లేదు. తిరిగి వచ్చిన తరువాత బంధువెవరో అనుమానపడితే రాయిని జైపూరు పరీక్షాశాలకు పంపారు. అది గాజు కాదు, నీలమే. కాని భూమిలో పుట్టినది కాదు, కార్ఖానాలో పుట్టినది.

ఆయన నాకు ఆ సంగతి చెప్పిన తీరు ఏ రత్నశాస్త్ర గ్రంథంలోనూ దొరకదు. కెంపు, నీలం రెండూ ఒకే పదార్థం, కురువిందం. అంటే అల్యూమినియం ఆక్సైడు. పిసరంత క్రోమియం చేరితే ఎరుపు, ఇనుమూ టైటానియమూ చేరితే నీలి. కరిగిన ఉక్కును పోసే లేడిల్ లోపల పేర్చే హై అల్యూమినా ఇటుకలో ప్రధాన పదార్థం కూడ అదే. “అన్నేళ్ళు ఆ ఇటుకల మధ్యనే బతికినాను బాబూ. ఆఖరికి ఆ ఇటుకకే రంగేసి నా చేతిలో ఎట్టీసినారు” అన్నారు. నవ్వుతూనే అన్నారు. పక్కన కూర్చున్న ఆయన భార్య నవ్వలేదు.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెర్న్యూయ్ అల్యూమినా పొడిని ఆక్సిజన్-హైడ్రోజన్ మంటలో కరిగించి కెంపును తయారుచేసే విధానాన్ని 1902లో ప్రకటించాడు. నాటి నుండి ఈ కృత్రిమ రాళ్ళు చవకగా, పుష్కలంగా తయారవుతున్నవి. గడియారాలలోని కెంపులు ఇటువంటివే. భూతద్దం కింద వంపు గీతలు, గాలి బుడగలు కనిపిస్తే నిపుణుడు క్షణంలో పోల్చుకొంటాడు. మామూలు కంటికి అసాధ్యం. మధ్యలో మరొక తరగతి ఉన్నది. శ్రీలంకలో గేవుడా అని పిలిచే పాలరంగు రాళ్ళను 1970లలో థాయి వ్యాపారులు చవకగా కొని, కొలిమిలో తీవ్రంగా కాచి, చక్కని నీలాలుగా మార్చారు. అది సహజమైన రాయే, మోసం కాదు. కాని కాచినదని చెప్పి అమ్మాలి, ధర కూడ తదనుగుణంగా ఉండాలి. కాచని రాయి, కాచిన రాయి, తయారుచేసిన రాయి. ఈ మూడింటి ధరల మధ్య వ్యత్యాసం హస్తిమశకాంతరం. ఆ తేడా తెలియని మనిషికి మూడూ ఒకే నీలి.

ఇందులో శ్రీలంకను నిందించబోవడం న్యాయం కాదు. ఆ దేశం 1971లోనే రత్నాల కార్పొరేషనుకు చట్టం చేసుకొన్నది. 1993 చట్టం కింద జాతీయ రత్నాభరణాల అథారిటీని ఏర్పరచింది. పర్యాటకులు కొన్న రాళ్ళను పరీక్షించి చెప్పే సదుపాయం కొలంబోలో ఆ సంస్థకు ఉన్నది. మన ఫోర్మను గారి యాత్ర కొలంబోలోనే ముగిసింది. చివరి రోజంతా బట్టల బజారుకు కేటాయించారు. పరీక్షాశాల ఒకటున్నదని బస్సులో ఎవరూ చెప్పలేదు.

భిలాయికి రాళ్ళ మోజు శ్రీలంకతో మొదలు కాలేదు. తొలినాళ్ళలో శిక్షణకు సోవియట్ ఉక్కు కర్మాగారాలకు వెళ్ళిన ఇంజనీర్లలో కొందరు అలెగ్జాండ్రైట్ ఉంగరాలు తెచ్చుకొన్నారు. 1830లలో ఉరల్ పర్వతాలలో దొరికి, యువరాజు అలెగ్జాండరు పేరు పెట్టుకొన్న రాయి అది. పగటి వెలుగులో పచ్చన, దీపపు వెలుగులో ఎర్రన. అయితే ఆ పేరుతో సోవియట్ నగల కొట్లలో అమ్ముడయినవి చాలావరకు వెనేడియం కలిపిన కృత్రిమ కురువిందాలు. విచిత్రమేమంటే, అసలైన అలెగ్జాండ్రైట్ ఛత్తీస్‌గఢ్‌లోనే గరియాబంద్ జిల్లా దేవభోగ్ ప్రాంతపు సెండ్‌ముడాలో ఉన్నది. అదే జిల్లా మైన్‌పూర్ వద్ద బెహరాడీ, పాయలీఖండ్‌లలో వజ్రాల కింబర్‌లైట్ శిలలున్నవి. దొంగచాటు తవ్వకాలకు తప్ప అవి ఎవరి అభివృద్ధికీ అక్కరకు రాలేదు. మన గొలుగొండ మండలం కరక కొండలో రంగురాళ్ళ కోసం సొరంగాలు తవ్వి మట్టిపెళ్ళల కింద ప్రాణాలు వదిలిన కూలీల కథ తెలుగు పాఠకులకు కొత్త కాదు.

రాళ్ళ కోసం పరదేశం వెళ్ళడం ఒకప్పుడు ఎదురు దిశలో సాగింది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదిహేడవ శతాబ్దంలో మన గనులకు వచ్చాడు. ఆయన రావోల్‌కొండ అని వ్రాసిన చోటును కర్నూలు జిల్లా రామళ్ళకోటగా చెబుతారు. పదిహేను, పదహారేళ్ళ లోపు పిల్లలు త్రాసులు పట్టుకొని చెట్టు కింద వజ్రాల బేరాలు చేయడం, పెద్దలు గుడ్డ కింద చేతులు కలిపి మాట లేకుండా ధర తేల్చుకొనడం ఆయన వర్ణించాడు. ఆయన గ్రంథంలో నా దృష్టిని ఆకర్షించినది మరొకటి. కొనుగోళ్ళపై పాలకుడికి చెల్లవలసినది నూటికి రెండు. గని అధికారి ఆ రెండు వసూలు చేసుకొంటూనే పరదేశి సొమ్ముకు కాపలా మనుషులను ఇచ్చి, నిశ్చింతగా ఉండమన్నాడు. 2026 బడ్జెట్టులోనూ అంకె రెండే. కాపలా మనుషుల ఊసు మాత్రం లేదు.

పార్లమెంటు ఆవరణలో ఒక సభ్యుడితో ఈ మాట ప్రస్తావిస్తే, “కొనమని ఎవరు బలవంతపెట్టారండీ?” అన్నారు. తోసివేయదగిన ప్రశ్న కాదు. రెండు లక్షలు పెట్టేవాడు విచారించుకోవలసిన బాధ్యత అతనిదే. మర్చెంట్ ఆఫ్ వెనిస్ నాటకంలో పేటిక ఎంచుకొనవలసిన వరులకు సైతం పేటికల మీద రాత ఒకటి ఉంటుంది, చదువుకొని బుద్ధి ఉపయోగించుకొనడానికి. రత్నాల బజారులో రాత లేదు. ఇది ఒక పక్షానికే విలువ తెలిసిన బజారు. తొలకరిలో జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రం దొరికిన కూలీకి దాని విలువ తెలియదు. కాండీ దారిలో కొనేవాడికి తెలియదు. అక్కడ అమ్మేవాడు, ఇక్కడ కొనేవాడు అమాయకుడు. రెండు చోట్లా తెలిసినవాడు వ్యాపారి ఒక్కడే. పైగా యాత్రికుడు ఆ కొట్టును తానై ఎంచుకోలేదు. అతనిని అక్కడికి తీసుకుపోయినవాడు నిపుణుల పర్యవేక్షణ అని అచ్చువేసి, దానికి కూడ కలిపి డబ్బు తీసుకొన్నాడు.

దీనికి చట్టం సాధ్యం కాదని చెప్పడానికి వీలులేదు. చైనా 2013 అక్టోబరు నుండి అమలు చేసిన పర్యాటక చట్టం 35వ నిబంధన చదవదగినది. అసమంజసమైన చవక ధరతో యాత్రికులను ఆకర్షించి, కొనుగోళ్ళలో వాటాలు దండుకొనడం నిషిద్ధం. యాత్రికుల సమ్మతి లేకుండా ఫలానా కొట్టుకే అని తీసుకుపోరాదు. ఉల్లంఘన జరిగితే, యాత్ర ముగిసిన 30 రోజులలోగా సరుకు వాపసు చేయించి డబ్బు ముందుగా తానే చెల్లించమని యాత్రా కంపెనీని కోరే హక్కు యాత్రికునిది. థాయిలాండు ఇటువంటి చవక యాత్రలపై 2016లో దాడులు చేసింది. మన పర్యాటక శాఖ యాత్రా సంస్థలకిచ్చే గుర్తింపు స్వచ్ఛందమైనది, ప్రధానంగా విదేశీయులను ఇక్కడకు రప్పించేవారి కోసం ఉద్దేశించినది. ఇక బంగారానికి 2021 జూన్ నుండి హాల్‌మార్కును దశలవారీగా నిర్బంధం చేశారు. ఆ బంగారంలో పొదిగే రాయికి అటువంటి నిర్బంధం లేదు. పన్ను కోసం వ్రాసుకొన్న నిర్వచనాన్నే తీసుకొని, ఆ ప్యాకేజీ అమ్మినవాడు ఏ కొట్టు వద్ద ఆపుతాడో, అందులో తన వాటా ఎంతో ముందుగా కాగితంపై చెప్పాలని ఒక్క నిబంధన వ్రాయడానికి ఆర్థిక, పర్యాటక శాఖల మధ్య ఎంత దూరమున్నదో ప్రశ్నోత్తరాల సమయంలో ఎవరైనా అడిగితే బాగుండును.

అంతవరకు మిగిలినది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. కాండీ వర్తకుడిని భారత న్యాయస్థానానికి రప్పించడం కల్ల. కాని యాత్రా కంపెనీ ఇక్కడిది. ఈ చట్టం ప్రకారం కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, ఫిర్యాదీ తాను నివసించే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. భిలాయి వాసికి అది దుర్గ్. 5 లక్షల లోపు చెల్లింపులకు రుసుము లేదు. గడువు రెండేళ్ళు. ఫోర్మను గారి బిల్లు మీది తేదీని బట్టి ఆ గడువులో ఇంకా ఐదు నెలలున్నది. కాగితాలన్నీ ఆయన భార్య ఒక బిస్కట్ల డబ్బాలో భద్రపరచారు. కొట్టువాడిచ్చిన ధృవపత్రం, జైపూరు నివేదిక, 5 శాతం పన్ను పట్టిన రసీదు అందులో ఉన్నవి. అన్నిటి అడుగున, నిపుణుల పర్యవేక్షణ అని తెలుగులో అచ్చువేసిన కరపత్రం కూడ ఉన్నది.