లెక్కలో మరచిన మనిషి

అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ తొలిసారి కనిపించింది నవలలో కాదు, 1927 డిసెంబరులో ఒక పత్రికలో అచ్చయిన చిన్నకథలో. ఒక సాయంకాలం కొందరు ఒకచోట చేరి, తమకు తెలిసిన నేరాల గురించి వంతులవారీగా చెప్పుకుందామనుకుంటారు. స్కాట్లండు యార్డు కమిషనరుగా చేసిన పెద్దమనిషి, ఒక రచయిత, ఒక చిత్రకారిణి, ఒక న్యాయవాది, ఒక మతాచార్యుడు: మొత్తం అయిదుగురని లెక్క తేలుతుంది. కూర్చుని ఉన్ని అల్లుకుంటున్న ముసలావిడను లెక్కపెట్టడం మరచిపోతారు. ఆ ఇల్లు ఆవిడదే! నన్ను మరిచారని ఆవిడే నవ్వుతూ గుర్తుచేస్తుంది. ఆ పైన చిక్కుముళ్ళు విప్పేదీ ఆవిడే.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు నస్రుల్లాబాదులోని మా ఇంటి అరుగు గుర్తుకొస్తుంది. ఇప్పుడది కామారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016కు ముందు నిజామాబాదు జిల్లా బీర్కూరు మండలంలో ఒక ఊరు. నిజాంసాగరు నీళ్ళతో వరి పండే ప్రాంతం. ఈ జిల్లాల్లో ఆడవాళ్ళకు బీడీలు చేయడం ఎంత మామూలో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మా నాయనమ్మ పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఒడిలో చాట పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. తడిపిన తునికాకు కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, దారం కట్టడం: ఈ పని చేతులదే, కళ్ళకు ఇందులో భాగం లేదు. కళ్ళెప్పుడూ వీధిలోనే ఉండేవి.

నా చిన్నతనంలో ఎదురింటావిడ గుండ్లపేరు పోయింది. అనుమానం ఆ ఇంటి జీతగాని మీదికి పోయింది. పదిహేనేళ్ళు నిండని పిల్లవాడు. అడిగారు, కసిరారు, చివరకు కట్టేసి కొట్టారు. మూడోనాడు రాత్రి నాయనమ్మ ఎదురింటావిడను పిలిచి మెల్లగా చెప్పింది: "నీ పేరు ఎవ్వడు ఎత్తుకపోలేదు బిడ్డా. రెండు కార్ల సంది నీ పెనిమిటికి ఎవ్వడు అప్పు ఇస్తలేడు. మొన్న ఆరు బస్తాల యూరియా దించిండు. పైసలు యాడికెల్లి వచ్చినయ్? మా తమ్ముడు గిట్లనే జేసిండు."

పేరు తాకట్టులో దొరికింది. పిల్లవాడు మాత్రం మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు. "ముందే ఎందుకు చెప్పలేదు?" అని నేనడిగితే నాయనమ్మ బీడీ కట్ట లెక్కపెట్టుకుంటూ, "నన్ను ఎవరన్నా అడిగిన్రా?" అంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

మిస్ మార్పుల్ పద్ధతి ఇంతకన్నా భిన్నమైనదేమీ కాదు. ఆవిడ వేలిముద్రలు వెతకదు, భూతద్దం పట్టుకుని తిరగదు. సెయింట్ మేరీ మీడ్ అనే చిన్న ఊళ్ళో మనుషుల్ని చూస్తూ బతికింది. హంతకుణ్ణి చూడగానే తమ ఊళ్ళో ఎవరో పనిపిల్లో, ఎవరో దుకాణదారో గుర్తుకొస్తారు. "మా తమ్ముడు గిట్లనే జేసిండు" అన్నది అక్షరాలా మార్పుల్ వాక్యమే. 1930లో వచ్చిన మొదటి నవలలో ఆవిడ తోటపని నెపంతోనూ, పిట్టలను చూసే బైనాక్యులర్ల నెపంతోనూ ఇరుగుపొరుగును కనిపెడుతుంటుంది. మా నాయనమ్మకు ఆ మాత్రం నెపం కూడా అవసరం పడలేదు, చాట ఉంది.

మరి తెలుగు అపరాధపరిశోధక సాహిత్యంలో ఈవిడ ఎందుకు లేదు? బెంగాలీ నుంచి అనువాదాలతో మొదలై, 1950ల చివరి నుంచి కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ దాకా వచ్చి, ఆ తరువాత అద్దె పుస్తకాల కొట్లలో వందలుగా పెరిగిన సాహిత్యమది. యుగంధర్ నవలలను నేనూ రాత్రుళ్ళు మేలుకుని చదివినవాణ్ణే. ఆ ఆకర్షణను తక్కువ చేయను. కానీ నేను చదివినంతలో మన డిటెక్టివు పట్నవాసి; వయసులో ఉన్న మగవాడు; అతనికి కారూ, పిస్తోలూ, అసిస్టెంటూ ఉంటారు. పల్లెటూరి ముసలమ్మ వస్తే సాక్షిగానో, అంతకన్నా ఎక్కువగా హాస్యానికో వస్తుంది. సినిమాలోనైతే ఇతరుల ఇళ్ళలోకి తొంగిచూసే ఆడమనిషి అనగానే సూర్యకాంతం గయ్యాళితనమే మనకు గుర్తొస్తుంది. చూడటం, గుర్తుపెట్టుకోవడం, పోల్చడం మగవాడు చేస్తే పరిశోధన. ముసలమ్మ చేస్తే చాడీ!

మిస్ మార్పుల్ అవివాహిత, సొంత ఇల్లూ, పనిమనిషీ ఉన్న మనిషి, అటువంటి స్వాతంత్ర్యం మన ముసలమ్మకు ఎక్కడిదని మీరనవచ్చు. నిజమే. కానీ 2003లో ఋతుపర్ణ ఘోష్ 'శుభొ మహురత్' సినిమా తీసినప్పుడు మార్పుల్‌ను రాంగా పిషిమాగా, అంటే ఒక మేనత్తగా, బెంగాలీ ఇంట్లో కూర్చోబెట్టాడు. పత్రికావిలేకరి అయిన మేనకోడలు తెచ్చే కబుర్లే ఆవిడకు ఆధారాలు. ఆ పాత్ర వేసిన రాఖీకి జాతీయ అవార్డు వచ్చింది. ఆవిడ గడప దాటలేదన్న లోటు కథకు ఎక్కడా తగల్లేదు.

కాబట్టి లోటు ముసలమ్మలో లేదు. మార్పుల్‌కు ఉన్నదీ, మా నాయనమ్మకు లేనిదీ ఒక్కటే: వినేవాడు. ఆ మాజీ కమిషనరు సర్ హెన్రీ క్లిదరింగ్ తొలిరాత్రి ఆవిడను లెక్కలో మరిచినవారిలో ఒకడు. తరువాతి కథల్లో ఆవిడ మాటను పోలీసుల దగ్గరకు మోసుకుపోయేదీ అతడే. క్రిస్టీ పన్నెండు నవలల్లో ఆవిడకు చోటిచ్చింది. హత్యల అల్లికలో ఎంత నేర్పున్నా, నా దృష్టిలో ఆ పుస్తకాలన్నిటిలోనూ అసలు కథ ఒక్కటే: ఒక ముసలావిడ మాటకు అధికారం చెవియొగ్గడం.

మనకూ ఒక నవల కావాలి. అందులో అరుగుండాలి, చాట ఉండాలి, యాస ఉండాలి. అన్నిటికన్నా ముందు, పిల్లవాణ్ణి కట్టేయక మునుపే అరుగు దగ్గర ఆగి, "అవ్వా, నువ్వేం చూసినవ్?" అని అడిగే ఒక్క మనిషుండాలి. అటువంటి నవల తెలుగులో ఇప్పటికే వచ్చి, నా కంటపడకుండా పోయి ఉంటే మిత్రులెవరైనా చెప్పండి. ఓడిపోయినందుకు సంతోషిస్తాను.