విందు ఖర్చు సీసా ధరలోనే

ఈపురుపాలెం: మిరప యార్డులో కాయ విరిచి చూస్తారు. పొగాకు ప్లాట్‌ఫారంపై ఆకు నలిపి చూస్తారు. చీరాల దాటి వేటపాలెం వెళితే జీడిపప్పును లెక్కపెట్టి గ్రేడు కడతారు. పౌనుకు 300 నుంచి 320 గింజలు తూగితే అది 320 రకం. దానికి పేచీ లేదు. అమ్మేవాడే కొనేవాడిని ఇంటికి పిలిచి, రుచి చూపించి, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టి, ఆ తర్వాత ధర చెప్పే ఆనవాయితీ మాత్రం సరుకుల మార్కెట్లలో ద్రాక్షసారాకే ఎక్కువ. ఈ ఆనవాయితీని మన వ్యాపార వర్గాలు వేడుకగా చెప్పుకోవడమే గాని, లెక్క కట్టి చూసింది తక్కువ.

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో బోన్ అనే పట్టణం ఉంది. అక్కడ 1443లో స్థాపించిన ధర్మాసుపత్రికి దాతలిచ్చిన ద్రాక్షతోటలున్నాయి. ఆ తోటల వైనును 1859 నుంచి వేలం వేస్తున్నారు. ఏటా నవంబరు మూడో ఆదివారం పాట. సరుకు సీసాల్లో ఉండదు, పీపాల్లో ఉంటుంది. పీపా అంటే 228 లీటర్లు. పండు కోసి కొద్ది నెలలే అయి ఉంటుంది, వైను ఇంకా పచ్చిగానే ఉంటుంది. పాటకు ముందు ఖరీదుదారులు పీపాల నుంచి తీసిన నమూనా రుచి చూస్తారు. వచ్చిన సొమ్ము ఆసుపత్రికి, ధర్మకార్యాలకు పోతుంది. పుణ్యం కలిసిన పాట గనుక ధర సహజంగానే కొంత పైకి పోతుంది. అయినా ఆ సంవత్సరపు బర్గండీ ధారణ ఎటు నడుస్తుందో తెలుసుకోవడానికి వ్యాపారులు ఆ పాటవంకే చూస్తారు. గుడి హుండీ చూసి ఊరి పంట అంచనా వేసినట్టుంటుంది ఇది.

పాట చుట్టూ మూడు విందులు. శనివారం రాత్రి ఒకటి, ఆదివారం ఒకటి, సోమవారం మధ్యాహ్నం మెర్సో గ్రామంలో మూడోది. ఈ మూడోదాన్ని పోలే అంటారు. పూర్వం కోతలు ముగిశాక తోట యజమాని కూలీలకు పెట్టే భోజనం అది. మన కళ్ళాల దగ్గర నూర్పిళ్ళయ్యాక పెట్టే భోజనం లాంటిదే. ఆ ఆచారం సన్నగిల్లిన రోజుల్లో జ్యూల్ లఫాన్ అనే తోట యజమాని 1923లో మిత్రులను పిలిచి దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. కూలీల భోజనం కాస్తా యజమానుల, ఖరీదుదారుల భోజనమైంది. వచ్చినవారు తమ సీసాలు తామే తెచ్చుకుని బల్లమీద అటూ ఇటూ పంచుకోవడం అక్కడి మర్యాద. 1932 నుంచి ఆ భోజనం దగ్గర ఒక రచయితకు వంద సీసాల మెర్సో వైను బహుమతిగా ఇస్తున్నారు. మన సాహిత్య సంస్థలు శాలువాలతో సరిపెడుతున్నందుకు సంతోషించాలో విచారించాలో రచయితలే తేల్చుకోవాలి.

మెర్సో భోజనంలో తప్పు పట్టవలసింది లేదు. ఎవరి సీసా వారు తెచ్చుకుంటే పొరుగువాడి సరుకు పక్కన తన సరుకు నిలబడుతుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. చిక్కల్లా బోర్డో పద్ధతితో వస్తుంది. అక్కడ వైను ఇంకా పీపాల్లో ఉండగానే, కోత తర్వాతి వసంతంలో, వర్తకులను, విమర్శకులను, పత్రికలవారిని పిలిచి రుచి చూపిస్తారు. ఆపైన ధర ప్రకటిస్తారు. డబ్బు ముందు, సరుకు సుమారు రెండేళ్ళ తర్వాత. ముందస్తు వ్యాపారం మన మార్కెట్టుకూ కొత్త కాదు. కాని అక్కడ నమూనా తీసేది తోట యజమాని, గ్లాసు ఆయనది, గది ఆయనది, మధ్యాహ్న భోజనమూ ఆయనదే. పీపాలన్నీ ఒకే తీరుగా ఉండవన్నది ఆ వ్యాపారంలో అందరికీ తెలుసు. ఏ పీపా నమూనా గ్లాసులోకి వచ్చిందో ఎంచుకున్నవాడికే తెలుసు.

విందు ఖర్చు ఎవరు భరిస్తారన్నది బి.కాం. మొదటి సంవత్సరం లెక్క. అమ్మకపు ఖర్చుల పద్దులోకి వెళుతుంది, అక్కడి నుంచి సీసా ధరలోకి వెళుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చోనివాడు, ఎక్కడో అంగట్లో సీసా కొనేవాడు ఆ భోజనానికి డబ్బు కడతాడు. అంతవరకైతే ఫరవాలేదు, ప్రకటనల ఖర్చూ అలాంటిదే. కాని విందు తిన్న విలేఖరి మర్నాడు రాసే ధారణ సంగతి వేరు. ప్రకటనను పాఠకుడు ప్రకటనగానే చదువుతాడు. వార్తను మాత్రం వార్తగానే నమ్ముతాడు.

ఈ విషయంలో 1976 మే 24న పారిస్‌లో జరిగిన ఉదంతం గుర్తుచేసుకోవలసిందే. స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వర్తకుడు ఫ్రెంచి నిపుణులను తొమ్మిదిమందిని కూర్చోబెట్టి, పేర్లు కనపడకుండా ఫ్రెంచి వైన్లు, కాలిఫోర్నియా వైన్లు కలిపి రుచి చూపించాడు. తెల్లవాటిలో షాటో మాంటెలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్, రెండూ 1973 నాటివి, రెండూ కాలిఫోర్నియావే, మొదట నిలిచాయి. ఆ పరీక్షకు వచ్చిన విలేఖరి టైమ్ పత్రిక నుంచి ఒక్కడే. ఫలితం ముందే తెలిసినట్టు మిగతా పత్రికలు పట్టించుకోలేదు. తోట యజమాని పెట్టే విందైతే కుర్చీలు ఖాళీగా ఉండేవా?

తేయాకు వర్తకం ఇంతకంటే మర్యాదగా నడుస్తుంది. కలకత్తా వేలం 1861లో మొదలైంది. బ్రోకరు తన గదిలో వరసగా కప్పులు పెట్టి రుచి చూసి ఉమ్మేస్తాడు, అంచనా ధర అచ్చువేస్తాడు. నమూనా పొట్లాలు కొనేవారికి ముందే వెళతాయి. కొనేవాడు తన గదిలో, తన నీళ్ళతో కాచుకుని చూసుకుంటాడు. తోట యజమాని ఆ దరిదాపుల్లో ఉండడు, భోజనమూ ఉండదు. ధర దగ్గర తగువులు అక్కడా ఉన్నాయి గాని, రుచి దగ్గర ఎవరూ ఎవరికీ మొహమాటపడనక్కర లేదు. నాసిక్ వైను తోటలవారు మరో దారి పట్టారు. రుచి చూడ్డానికి వచ్చినవారి దగ్గరే రుసుము తీసుకుంటారు. సూలా కంపెనీ అయితే తోట సందర్శకుల మీద వచ్చే రాబడిని తన లెక్కల్లో విడిగా చూపుతుంది. డబ్బిచ్చి తాగినవాడికి బాగాలేదని చెప్పే హక్కు ఉంటుంది గదా.

ఇక ఈ తీరానికి వద్దాం. ఈపురుపాలెం మగ్గాలకు పేరున్న ఊరు. కాని చీరాల, బాపట్ల ఇసుక నేలల్లో మగ్గంతోపాటు తాడిచెట్టూ ఒక బతుకుతెరువే. గీత కార్మికుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి గెల చెక్కి ముంత కడతాడు. మోకు జారితే ప్రాణానికే ముప్పు. తెల్లవారుజామున దించిన నీరా తియ్యగా ఉంటుంది. ముంతలో సున్నం పూయకపోతే ఎండెక్కేసరికి పులిసి కల్లవుతుంది, మర్నాటికి వాసనేస్తుంది. బర్గండీ వైను ఇరవయ్యేళ్ళు నిలవుంటే ధర పెరుగుతుంది. ఈ సరుకు ఇరవై గంటలు నిలిస్తే పారబోయాలి. నిలవలేని సరుకుకు విందు పెట్టేవారెవరు? కొనేవాడు చెప్పిందే ధర, అదీ చెట్టు కిందే.

నిలిచేది ఒక్క తాటిబెల్లం. ఏడెనిమిది లీటర్ల నీరా మరిగిస్తే గాని కిలో బెల్లం దిగదు. వంటచెరకు, మనిషి పని దానికి అదనం. అందులో చెరకు బెల్లమో పంచదారో కలిపిన సరుకు అదే పేరుతో బజారుకొచ్చి పక్కనే కూర్చుంటుంది. రంగు చూసి తేల్చడం కష్టం. నాలుక మీద పెట్టుకుంటే తెలిసినవాడికి తెలుస్తుంది. అసలు సరుకు చేసినవాడు కల్తీ సరుకు ధరకే అమ్ముకోవలసి రావడానికి కారణం కల్తీ ఒక్కటే కాదు. రుచి చూసి తేడా చెప్పే బల్ల ఒకటి లేకపోవడం కూడా.

నీరా కేంద్రాలు తెరవాలని, శీతల పెట్టెలు ఇవ్వాలని ప్రభుత్వాలు చెబుతూనే ఉన్నాయి. హైదరాబాదులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. నగరవాసికి అది ముచ్చటే. బాపట్ల తీరపు గీత కార్మికుడికి దానివల్ల ధర రాదు. గీత సహకార సంఘాలు బోర్డో నుంచి విందు నేర్చుకోనక్కర లేదు, పారిస్ నుంచి ముసుగు నేర్చుకుంటే చాలు. సీజనులో వారానికొక రోజు, అచ్చుల మీద పేరు లేకుండా అంకెలు మాత్రం వేసి, తాటిబెల్లం నమూనాలు ఒక బల్ల మీద పెట్టాలి. రుచి చూసేది కొనేవారు, తూచేది సంఘం, కల్తీ పరీక్ష చేసేది మూడోవారు. బాపట్లలో ఆహార సాంకేతిక కళాశాల ఉండనే ఉంది. గ్రేడు తేలిన తర్వాతే పాట మొదలుకావాలి. ఆ ధారణ మర్నాడు పత్రికలో మిరప, పొగాకు పక్కన ఒక వరుసలో అచ్చు కావాలి.

దీనికి వర్తకులు వెంటనే ఒప్పుకోరు. రంగు చూసి కొనే సౌకర్యం వారికి పోతుంది. గీత కార్మికుల్లోనూ పంచదార కలిపేవారు కొందరు గొణుగుతారు. ఆ గొణుగుడు వినిపిస్తే బల్ల సరిగ్గా పనిచేస్తున్నట్టే లెక్క. భోజనం ఎవరు పెట్టాలన్న ప్రశ్న వస్తే కొనేవారు ఎవరిది వారు కట్టుకు రావచ్చు. పాట మాత్రం పదకొండు గంటల తర్వాతే పెట్టాలి. అమ్మేవాడు అప్పటికిగాని చెట్లు దిగి, ముంతలు కడిగి, చీరాల చేరుకోలేడు.