వేసవి పెట్రోలుకు వేరే కొలత కావాలి
కేంద్ర పెట్రోలియం, సహజవాయు మంత్రిత్వ శాఖకు, భారతీయ ప్రమాణాల సంస్థకు బహిరంగ లేఖ

పెట్రోలు అన్నది ఒకే పదార్థం కాదు. ముడిచమురును మరిగించి, పెద్ద అణువులను విరిచి, చిన్నవాటిని అతికించి తీసిన కొన్ని వందల హైడ్రోకార్బన్ల కలయిక అది. అందులో ఏది ఎంతకు మించకూడదో భారతదేశంలో ఐఎస్ 2796 అనే ప్రమాణపత్రం చెబుతుంది. సామాన్యుడి కంట పడని ఈ కాగితానికి గాలిని మార్చే శక్తి చాలా ఉంది. కొత్త బండ్లకు కఠినమైన నిబంధన పెడితే దాని ఫలం పూర్తిగా అందాలంటే పాత బండ్లన్నీ తుక్కు కింద పోయేదాకా, అంటే పది పదిహేనేళ్లు ఆగాలి. పెట్రోలు మారితే అంత నిరీక్షణ ఉండదు. ఇరవై ఏళ్ల నాటి స్కూటరూ నిన్న షోరూమ్ నుంచి వచ్చిన కారూ ఒకే వారంలో ఆ కొత్త పెట్రోలు మీదే నడుస్తాయి.

ఈ అధికారాన్ని ప్రభుత్వం మొదట వాడింది సీసం మీద. ఇంజన్‌లో ఇంధనం వేళకు ముందే అంటుకుని టకటకమని కొట్టుకోకుండా 1920లలో అమెరికాలో పెట్రోలుకు టెట్రాఇథైల్ లెడ్ కలపడం మొదలుపెట్టారు. ఆ సీసం పొగతో వెలువడి, వీధి దుమ్ములో చేరి, పిల్లల రక్తంలోకి వెళ్లి వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీసింది. ఢిల్లీ వాహన కాలుష్యంపై న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు పట్టుబట్టడంతో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలకు సీసం లేని పెట్రోలు వచ్చింది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా అదే దొరికింది. ప్రపంచంలో ఆఖరి దేశంగా అల్జీరియా సీసం కలిపిన పెట్రోలును మానుకున్నది 2021లో. ఆ లెక్కన భారతదేశం ఇరవై ఏళ్లు ముందుంది. ఆ ఇరవై ఏళ్లలో పుట్టిన పిల్లలకు జరిగిన మేలు ఇంతా అంతా కాదు.

అయితే సీసం తీసేస్తే ఆక్టేన్, అంటే ఆ టకటకను అడ్డుకునే గుణం, తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి రిఫైనరీలు నాఫ్తాను రిఫార్మర్ యూనిట్‌లో ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లుగా మార్చి కలుపుతాయి. బెంజీన్ ఆ కుటుంబంలోదే. అది రక్త క్యాన్సర్ తెస్తుందన్న విషయంలో వైద్యశాస్త్రానికి సందేహం లేదు. 1990ల మధ్యలో పెట్రోలులో బెంజీన్ 5 శాతం దాకా ఉండనిచ్చారు. ఇప్పుడు పరిమితి 1 శాతం. ఒక విషాన్ని తీసిన చోటికి మరొకటి రావడం పెట్రోలు చరిత్రలో ఇదే చివరిసారి కాదు. నియంత్రణ ఎప్పుడూ ఒక్క అంకె మీదే చూపు నిలిపితే పక్క అంకె పెరుగుతుందన్న మాట ఈ లేఖలో మళ్లీ వస్తుంది.

తర్వాతి వంతు గంధకానిది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను గంధకం మందగింపజేస్తుంది. కన్వర్టర్ ఎంత మంచిదైనా గంధకం ఎక్కువున్న పెట్రోలు పోస్తే దాని పని సగంలో ఆగుతుంది. ఆర్.ఎ. మషేల్కర్ కమిటీ 2002లో ఇచ్చిన నివేదిక ఆధారంగా భారత్ స్టేజ్ (బీఎస్) దశల్లో గంధకాన్ని తగ్గించే క్రమం ఏర్పడింది. బీఎస్-3లో పది లక్షల పాళ్లకు 150, బీఎస్-4లో 50, తర్వాత వచ్చిన బీఎస్-6లో 10. దారి మాత్రం సాఫీగా సాగలేదు. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 మొదలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఉంది, రిఫైనరీ ఉన్న విశాఖపట్నం లేదు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో రాజధాని బంకుల్లో ఒక పెట్రోలు, చాలా జిల్లాల బంకుల్లో మరొకటి అమ్మారు. ఊపిరితిత్తులకు మాత్రం జిల్లా సరిహద్దులు ఉండవు. 2017 ఏప్రిల్‌కి గానీ దేశమంతా బీఎస్-4 కాలేదు. ఆ ఆలస్యాన్ని గుర్తించిన కేంద్రం 2016 జనవరిలో ధైర్యమైన నిర్ణయం తీసుకుంది. బీఎస్-5ను దాటేసి నేరుగా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6కు వెళ్లాలని ప్రకటించి, మాట నిలబెట్టుకుంది. ఢిల్లీలో రెండేళ్ల ముందే ఆ ఇంధనం వచ్చింది. గంధకం విషయంలో నేడు భారత పెట్రోలుకు ఉన్న గరిష్ఠ పరిమితి కాలిఫోర్నియా పరిమితి కన్నా కఠినమైనది. ఇది మంత్రిత్వ శాఖ గర్వించదగిన పని, చమురు సంస్థలు వేల కోట్లు పెట్టి చేసిన పని.

గంధకంతో పని అయిపోయిందనుకుంటే మాత్రం పొరపాటు. ఇక్కడ కాలిఫోర్నియా అనుభవం చూడాలి. లాస్ ఏంజెలెస్‌ను కప్పే గోధుమరంగు పొగమంచుకు మూలం కార్ల పొగ, పెట్రోలు ఆవిరేనని 1950ల మొదట్లో అరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త చూపించాడు. హైడ్రోకార్బన్ల ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిస్తే నేల దగ్గర ఓజోన్ పుడుతుంది. ఆకాశంలో రక్షించే ఓజోనే ముక్కు దగ్గర ఊపిరితిత్తులను కోస్తుంది, ఉబ్బసాన్ని రేపుతుంది. తర్వాత అదే హాగెన్-స్మిట్ ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డుకు తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ బోర్డు 1996లో తెచ్చిన పెట్రోలు నిబంధన ఒక్క అంకెతో సరిపెట్టుకోలేదు. గంధకం, బెంజీన్, ఆరోమాటిక్స్, ఓలెఫిన్స్, ఆక్సిజన్, ఆవిరి పీడనం, సగం మరిగే ఉష్ణోగ్రత, తొంభై శాతం మరిగే ఉష్ణోగ్రత అంటూ ఎనిమిదింటినీ కలిపి చూసింది. రిఫైనరీ ఒకదాన్ని కొంచెం పెంచుకోవాలంటే మొత్తం కాలుష్యం పెరగలేదని లెక్కకట్టి చూపాలి. ఆ పెట్రోలు వల్ల తగ్గిన కాలుష్యం 35 లక్షల కార్లను రోడ్డు మీంచి తీసేసినంత అని బోర్డు అంచనా.

తప్పు కూడా అక్కడే జరిగింది. ఆక్సిజన్ కోసం కలిపిన ఎంటీబీఈ అనే రసాయనం భూగర్భ ట్యాంకుల్లోంచి కారి నీళ్లలోకి దిగింది. 1996లో శాంటా మోనికా నగరం తన తాగునీటి బావులు చాలావరకు మూసుకోవాల్సి వచ్చింది. 1999లో గవర్నర్ నిషేధానికి ఆదేశించగా 2003 చివరికి దాన్ని పూర్తిగా తీసేశారు, ఆ స్థానంలోకి ఇథనాల్ వచ్చింది. గాలి కోసం చేసిన పని నీటిని చెడగొట్టకూడదన్నది అక్కడివాళ్లు ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠం.

భారత ప్రమాణంలో బలహీనంగా మిగిలింది ఆవిరి. పెట్రోలు కాలితేనే కాలుష్యం కాదు, కాలకముందే అది గాలిలో కలుస్తుంది. ఎండలో నిలిపిన మోటార్‌సైకిల్ ట్యాంకు లోంచి, మూత తీసి నింపేటప్పుడు, ట్యాంకర్ నుంచి బంకు భూగర్భ ట్యాంకులోకి దించేటప్పుడు ఆవిరి బయటపడుతూనే ఉంటుంది. ఈ గుణాన్ని కొలిచేది రీడ్ ఆవిరి పీడనం. ప్రయోగశాలలో 37.8 డిగ్రీల దగ్గర దాన్ని చూస్తారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడలోనో రెంటచింతలలోనో నీడపట్టున ఉండే వేడి అంతకన్నా ఎక్కువ. ఎండకు కాలే ఇనుప ట్యాంకు సంగతి చెప్పనక్కరలేదు. కాలిఫోర్నియా వేసవిలో ఈ పీడనం సుమారు 48 కిలోపాస్కల్స్ మించకూడదు. భారత పెట్రోలుకు 60 దాకా అనుమతి ఉంది, ఇథనాల్ కలిపినదానికి మరికొంత సడలింపు కూడా ఉంది.

ప్రమాణపత్రంలో వేసవికి ప్రత్యేక కొలత అసలు లేదని కాదు. మే నుంచి జూలై దాకా వేపర్ లాక్ ఇండెక్స్ తక్కువగా ఉండాలని నియమం ఉంది. కానీ అది పైపుల్లో ఆవిరి అడ్డుపడి ఇంజన్ ఆగిపోకుండా పెట్టిన నియమం, గాలి కోసం పెట్టింది కాదు. పైగా తెలుగు నేల మీద ఎండలు మార్చిలోనే మొదలై ఏప్రిల్‌కి ముదురుతాయి, జూలైకి వానలు పడుతుంటాయి. దక్షిణాది వేసవికి ఆ నెలల లెక్క సరిపడదు. మార్చి నుంచి జూన్ వరకు, వేడి ఎక్కువున్న రాష్ట్రాలకు, గాలి నాణ్యతను దృష్టిలో పెట్టుకున్న వేరే ఆవిరి పీడన పరిమితి నిర్ణయించడం భారతీయ ప్రమాణాల సంస్థ చేతిలోని పని. రుతువును బట్టి మిశ్రమం మార్చడం రిఫైనరీలకు కొత్త కాదు. పీడనం తగ్గించాలంటే ముఖ్యంగా బ్యూటేన్ తీసేయాలి. తీసిన బ్యూటేన్ వృథా కాదు, వంటగ్యాస్‌లోకి వెళుతుంది. వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికి అది భారం కాకపోగా కొంత ఆసరా.

ఇథనాల్ ఇక్కడ రెండువైపులా పదునున్న కత్తి. 2022లో 10 శాతం కలపడం పూర్తయింది. 20 శాతం లక్ష్యాన్ని అప్పటికే 2030 నుంచి 2025కు ముందుకు జరిపారు, తర్వాత దాన్నీ చేరుకున్నారు. కొద్దిగా కలిపినప్పుడు ఇథనాల్ ఆవిరి పీడనాన్ని పెంచుతుంది. కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌ను తగ్గిస్తుంది, ఎసిటాల్డిహైడ్‌ను పెంచుతుంది. అన్నిటికన్నా ముఖ్యం దాని ఆక్టేన్. అయిదో వంతు ఇథనాల్ తెచ్చే ఆక్టేన్‌తో రిఫైనరీ ఆరోమాటిక్స్‌ను గణనీయంగా తగ్గించుకోవచ్చు. ఇప్పటికీ బీఎస్-6 పట్టికలో ఆరోమాటిక్స్ 35 శాతం, సాధారణ పెట్రోలులో ఓలెఫిన్స్ 21 శాతం దాకా ఉండవచ్చు. కాలిఫోర్నియాలో ఇవి 25, 6. సీసం పోయినప్పుడు ఆక్టేన్ కోసమే ఆరోమాటిక్స్ వచ్చాయి. ఆక్టేన్ మరో దారిలో దొరికిన ఈ సమయంలో వాటిని, వాటితోపాటు బెంజీన్‌ను దించకపోతే పాతికేళ్లకోసారి వచ్చే అవకాశం చేజారుతుంది. ఇథనాల్ శాతం పెంచే ఉత్తర్వుతోపాటే ఆరోమాటిక్స్ తగ్గించే ఉత్తర్వూ రావాలి.

బంకు దగ్గర మరో పని మిగిలి ఉంది. రోజుకు ఎనిమిది, పది గంటలు నాజిల్ పట్టుకుని నిలబడే అమ్మాయిలూ అబ్బాయిలూ పీల్చేది పెట్రోలు ఆవిరినే. వాళ్లలో ఎక్కువమందికి ముక్కుకు మాస్కు కూడా ఉండదు. బయటి గాలిలో బెంజీన్ ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదని 2009 జాతీయ ప్రమాణం చెబుతుంది. ఆ ప్రమాణం ఊరి మొత్తానికి, నాజిల్‌కు అడుగు దూరంలో ఉన్న మనిషికి కాదు. నింపేటప్పుడు బయటికొచ్చే ఆవిరిని మళ్లీ లోపలికి లాగి భూగర్భ ట్యాంకులోకి పంపే పరికరాన్ని అమ్మకాలు ఎక్కువున్న కొత్త బంకుల్లో పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. పాత బంకులకు, చిన్న పట్టణాలకు దాన్ని విస్తరించే గడువు ప్రకటించాలి. పరికరం బిగించడంతో బాధ్యత తీరదు. రబ్బరు చిరిగిన నాజిల్ ఆవిరిని పట్టదు గనుక ఏటా తనిఖీ ఉండాలి. పని చేసేవారికి రక్త పరీక్షలు కూడా ఆ నియమంలో భాగం కావాలి.

చివరి సంగతి సమాచారం. బంకుల్లో నమూనాలు తీసి పరీక్షించే ఏర్పాటు చమురు సంస్థల్లో ఉంది. వాటి ఫలితాలు జిల్లాలవారీగా, నెలనెలా, ఆవిరి పీడనం, బెంజీన్, ఆరోమాటిక్స్ అంకెలతో సహా తెలుగుతో మొదలుపెట్టి ప్రతి రాష్ట్ర భాషలోనూ ప్రజల ముందుంచాలి. విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, హైదరాబాద్, నల్గొండ వంటి ఊళ్లు గాలి ప్రమాణాలు అందుకోలేనివిగా జాతీయ స్వచ్ఛ వాయు పథకం జాబితాలోకి ఎక్కాయి. ఆ ఊళ్లలో ఓజోన్, బెంజీన్ కొలిచే యంత్రాల అంకెలూ అదే పట్టికలో పక్కపక్కన ఉంటే పెట్రోలులో చేసిన మార్పు గాలిలో ఎంత కనిపించిందో ఏ కళాశాల విద్యార్థి అయినా లెక్కకట్టి చెప్పగలుగుతాడు.