అప్పు మగవాడిది, చాకిరీ తల్లిది

నిజాం కాలంలో దొరబిడ్డ అత్తారింటికి వెళ్తుంటే సారెతో పాటు దాసిగా ఒక ఆడబాపనూ పంపేవారు. ఆ పిల్లను కన్నతల్లిని అడిగిన దిక్కు లేదు. ఆ ఆడబాపల బతుకును దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలకెక్కించారు. గడీలు కూలాయి. తల్లీబిడ్డలను విడదీసే పనిని మాత్రం అప్పు అందుకుంది.

పాత పాలమూరు జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో, కూలీలను వలస పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్సు చాలావరకు ఇంటి మగవాడి చేతికే ఇస్తాడు. తీర్చేది ఇంటిల్లిపాదీ. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల కట్టలకు మట్టి మోసిన పాలమూరు తల్లి బయల్దేరేనాడే కుటుంబాన్ని విడదీసుకోవాలి: చంటిబిడ్డ చంకన, బడికి పోయే పిల్ల అవ్వ దగ్గర. వెంట తీసుకుపోతే పిల్ల చదువు పోతుంది, వదిలిపోతే పిల్లకు తల్లి దూరమవుతుంది. ఊళ్లో ఉన్నా గండమే. గద్వాల సీడు పత్తి చేలల్లో పువ్వులకు చేత్తో చేసే క్రాసింగుకు పసిచేతులనే వెతుక్కున్నారు.

అడ్వాన్సు తీసుకున్న ప్రతి వలసా వెట్టి కాదు. బాకీ చూపి కదలనివ్వకపోతే అది వెట్టే. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టి, జీతం, భగేలా పద్ధతులను పేరుపెట్టి రద్దు చేసింది, ఆ బాకీ చెల్లదంది. కనీస వేతనం ఇవ్వకుండా చేయించుకునే పనీ బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 వెట్టి కూలీల పునరావాస పథకం పురుషుడికి 1 లక్ష, స్త్రీకి, పిల్లలకు 2 లక్షల రూపాయల చొప్పున సాయం నిర్ణయించింది. అది తల్లికి అందాలంటే అధికారి ముందుగా ఆమెను వెట్టి కూలీగా గుర్తించాలి. భర్త పేరు కింద ‘కుటుంబం’ అని రాసి చేతులు దులుపుకుంటే ఆమె చేసిన చాకిరీ లెక్కలోకే రాదు.

తన చాకిరీనీ తల్లి వేదననూ తానే చెప్పుకున్న తల్లి ఉంది. అమెరికాలో బానిసగా బతికిన హారియెట్ జాకబ్స్ యజమాని నుంచి తప్పించుకుని, నిటారుగా నిలబడే వీలైనా లేని అటకలో దాదాపు ఏడేళ్లు దాక్కుంది. కింద తిరిగే పిల్లలను కన్నంలోంచి చూసుకునేది. ఆ కథను తానే రాసి 1861లో అచ్చులోకి తెచ్చింది. మన వలస సాహిత్యంలో తల్లి చాలాసార్లు కన్నీటి బొమ్మగానే మిగిలింది. ఏ బిడ్డను ఎక్కడ ఉంచాలో, మేస్త్రీకి ఏం చెప్పి పండక్కి ఇల్లు చేరాలో ఆమె వేసే ఎత్తులు కథల్లోకి రావాలి.

వెట్టి నుంచి విడిపించినట్టు ధ్రువీకరించే విడుదల పత్రం ప్రతి తల్లికీ ఆమె పేరుమీదే ఇవ్వాలి. వలస పోయినవారి పిల్లలకు వాళ్ల ఊళ్లలోనే హాస్టళ్లు నడవాలి. రచయితలు ఆ తల్లుల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోనే వాళ్ల కథ రాయాలి. అలా వచ్చే రచనలకు ఈ పత్రికలో మొదటి చోటు ఇస్తాం.