సెలైన్ సీసాలో బువ్వ ఉండదు

ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్తే మనం మొదట అడిగే మాటేమిటి? "సెలైన్ ఎక్కిస్తున్నారా?" అనే కదూ! సీసా వేలాడుతుంటే మనకో ధైర్యం. మా జడ్చర్ల వైపయితే ఆ వెంటనే ఇంకో మాట కూడా వినిపిస్తుంది. "ఏం పెట్టకు బిడ్డా, పథ్యం చెడ్తది. సెలైన్ నడుస్తుంది గద, బలం వస్తది" అంటుంది పక్క మంచం అవ్వ. స్టూలు మీద కూర్చున్న కోడలు సరేనని ఫ్లాస్కులోంచి మరో గ్లాసు పల్చటి గంజి వంచుతుంది.

ఆ సీసాలో ఎంత బలం ఉందో ఎప్పుడైనా లెక్క వేశామా? మామూలుగా ఎక్కించే ఐదు శాతం గ్లూకోజు అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దాంతో వచ్చేవి 85 కేలరీలు. రెండు సీసాలు ఎక్కిస్తే 170. గుప్పెడు పల్లీల్లో, అంటే ఓ 30 గ్రాముల్లో, ఉన్నదీ అంతే! మన బాదేపల్లి మార్కెట్‌కి బస్తాలకు బస్తాలు వచ్చే పల్లీలే. ఇక ఉత్త ఉప్పునీటి సెలైన్ అయితే ఆ కాస్తా లేదు, సున్నా. సెలైన్ వద్దని నేననడం లేదు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడు ప్రాణం నిలబెట్టేది అదే. అది నీళ్ల లోటు తీరుస్తుంది, తిండి లోటు తీర్చదు.

"పడుకున్న మనిషికి తిండెందుకు, పొలం దున్నుతుందా ఏమన్నానా?" అంటారు. అక్కడే మనం పొరబడుతున్నాం. కదలకుండా పడుకున్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరితిత్తులు ఆడాలి, మెదడు పనిచేయాలి. వీటికే రోజుకు వెయ్యి కేలరీల దాకా అవుతాయి. జ్వరం ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగితే ఆ ఖర్చు పది శాతం పైనే పెరుగుతుంది. ఒళ్లు బాగా కాలినవాళ్లలో దాదాపు రెట్టింపు కూడా కావచ్చు. బయటినుంచి తిండి అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. పదిహేను రోజుల జ్వరం తర్వాత అత్తగారి చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయంటే పోయింది కొవ్వొక్కటే కాదు. కండ కరిగితే గాయం త్వరగా మానదు, లేచి నడిచే శక్తీ రాదు.

ఈ ఖర్చును కొలవడానికి పద్ధతి ఉంది. రోగి తల మీద పారదర్శకమైన తొడుగు లాంటిది పెట్టి, ఓ అరగంట సేపు పీల్చుకున్న ఆక్సిజన్ ఎంత, వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంత అని చూస్తారు. పొయ్యి ఎంత మండిందో పొగను బట్టి చెప్పినట్టన్నమాట! దీన్నే ఇన్‌డైరెక్ట్ కెలోరిమెట్రీ అంటారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ఇలా కొలిచి తిండి నిర్ణయించమని 2019లో యూరప్ పోషకాహార నిపుణుల సంఘం కూడా సూచించింది. కానీ ఆ యంత్రం పెద్ద పెద్ద ఆసుపత్రుల్లోనే అరుదు. లేనిచోట సూత్రాలతో అంచనా వేస్తారు. వాటిలో బాగా పేరున్నది 1919 నాటిది, అమెరికా వాళ్లను కొలిచి కట్టింది. మనవాళ్ల ఒంటి తీరు వేరు.

కొలవడం మనకు తెలియని విద్యేమీ కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేస్తున్నది ఈ పనే. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. రాళ్లు కొట్టేవాళ్లు ఎంత తింటున్నారు, ఎంత శక్తి ఖర్చు పెడుతున్నారు అన్న దాని మీద అక్కడి పరిశోధకులు 1962లోనే వ్యాసం ప్రచురించారు. 1966లో వ్యవసాయ కూలీల మీద మరొకటి. మట్టి పనికి, రాతి పనికి దేశమంతా తిరిగిన పాలమూరు జనానికి ఆ లెక్క విలువ చెప్పాలా! రాయి కొట్టేటప్పుడు మనిషి ఒంటి ఖర్చు లెక్కకు వచ్చింది. అదే మనిషి జబ్బుపడి మంచమెక్కితే ఆ లెక్క అడిగేవాళ్లే లేరు.

సరే, యంత్రం లేదు. బరువు తూచే మిషనైనా ఉంటుంది కదా? జబ్బు మనిషికి కిలోకు రోజుకు 25 నుంచి 30 కేలరీలని డాక్టర్ల మోటు లెక్క. 45 కిలోల అవ్వకు 1100 నుంచి 1350 అన్నమాట. పిడికెడు బియ్యంతో కాచిన పల్చటి గంజి గ్లాసుకు 60, 70 కేలరీలు దాటదు. నాలుగు గ్లాసులు, రెండు గ్లూకోజు సీసాలు... అంతా కలిపినా 450! మిగతాది ఆమె ఒంట్లోంచే పోతోంది.

తూచి పెడితే ఏమవుతుందో టీబీ రోగుల్లో చూశారు. జార్ఖండ్‌లో డాక్టర్ అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ బృందం రోగులకు రోజుకు 1200 కేలరీల లెక్కన తిండి సామాను ఇచ్చింది. 2023లో ఫలితాలు వచ్చాయి. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో మరణాలు 61 శాతం తక్కువ! టీబీ రోగుల తిండికి ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేసింది. మంచిదే. మరి ఆ డబ్బుతో కొన్న గుడ్డు ఇంట్లో ఎవరి పళ్లెంలోకి పోతుందో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అట్లాగని చదివిన వెంటనే అవ్వకు పల్లి లడ్లు తినిపించకండి! రోజుల తరబడి పస్తున్న మనిషికి ఒక్కసారే దండిగా పెడితే రక్తంలో లవణాలు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు. ఆపరేషన్ అయితే నోటికి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. కొలవమని నేను మొత్తుకునేది అందుకే.

కేసు షీటులో జ్వరం రాస్తారు, బీపీ రాస్తారు, మూత్రం కూడా కొలిచి రాస్తారు. తిన్నది రాయడానికి మాత్రం గడి ఉండదు. వారానికోసారి బరువు, రోజూ తిన్నదెంత... ఈ రెండు గడులు ఎందుకు పెట్టరు? రాసేవాళ్లు లేరంటారా? రాత్రింబవళ్లు మంచం పక్కనే ఉండే కోడలు ఉంది. గిన్నెలో ఎంత మిగిలిందో ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో ఆమెను కూర్చోబెట్టి చెప్పే డైటీషియన్ జిల్లా కేంద్రంలోనే కాదు, జడ్చర్ల లాంటి ఊళ్లలోనూ ఉండాలి. అంతవరకు ఒక చిన్న నోటు పుస్తకం కొనుక్కుని, రౌండ్లకు వచ్చిన డాక్టరు ముందు తెరిచి పెట్టండి.